దుమ్మేదో మొఖమేదో

మా యిళ్లల్లో ఫోటోలు తక్కువ. వున్నవి కూడా మేం కోరి తీయించుకున్నవి కావు. హాస్టల్లో చేరడానికి వొకటి, స్కాలర్‌షిప్ ఫారానికి రెండు, పదో తరగతి హాల్‌టిక్కెట్టుకి మూడు. మా అమ్మ బతికుండగా తీసిన ఫోటో వొక్కటే, ఓటరు గుర్తింపు కార్డుది. 1993లో ఎన్నికల సంఘం ఆ కార్డులు మొదలుపెట్టింది గనక ఆ మాత్రమైనా దొరికింది. అంతకుముందు ప్రభుత్వానికి మా అమ్మ వేలిముద్ర చాలేది, మొఖంతో పని పడలేదు. యింకో రకం చావు ఫోటో. మనిషి పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, దవడకి గుడ్డ కట్టి, దండేసి, చుట్టూతా మేం నిలబడి తీయించుకున్నది. బతికున్నప్పుడు లేని డబ్బులు చచ్చాక అప్పు తెచ్చి పెట్టేవాళ్లం.

అసలు మమ్మల్ని మొదట కెమెరా ముందు నిలబెట్టింది కొలవడానికొచ్చినవాళ్లు. 1868 నుంచి 1875 దాకా ఇంగ్లీషువాళ్లు ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’ అని ఎనిమిది సంపుటాలేశారు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలేశాడు. ఆయన తలకాయలు కొలిచాడు, ముక్కు పొడుగెంత వెడల్పెంత అని కొలిచాడు. అట్లాంటి పుస్తకాల్లో చాలా బొమ్మల కింద మనిషి పేరుండదు, కులం పేరుంటుంది. యిది ఎందుకు చెప్తున్నానంటే, పాత ఫోటోలు కాపాడుకుందాం అని యిప్పుడు అందరూ అంటున్నారు. కాపాడుకునే ముందు ఆ ఫోటో ఎవరి చూపో అడగాలి గదా.

మా మండలం సెంటర్లో వొక ఫోటో స్టూడియో వుండేది. పౌడరు డబ్బా, దువ్వెన, గోడకి అద్దం, ఎవరొచ్చినా తొడుక్కోడానికి వొక కోటు. ఫోటోగ్రాఫరు పోయాడు. కొడుకు అక్కడే సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. అటక మీద నెగటివులు పాత సామాన్లవాడికి వేస్తున్నాడని తెలిసి వెళ్లాను. ఎక్స్‌రే ఫిల్ములు, నెగటివులు కొనేవాళ్లున్నారు, వాటిల్లోంచి వెండి తీస్తారు. కిలోల లెక్కన తూకం. నలభై ఏళ్ల మొఖాలు తక్కెట్లో వున్నాయి. తూకం మీద రెండొందలు ఎక్కువిచ్చి రెండు అట్టపెట్టెలు యింటికి తెచ్చుకున్నాను.

మూతలో లైటుండే పాత స్కానరు వొకటి సెకండ్ హ్యాండులో కొన్నాను. మామూలు స్కానరు పనికిరాదు. కాగితాన్ని చూడాలంటే వెలుగు దాని మీద పడి వెనక్కి రావాలి, ఫిల్మును చూడాలంటే వెలుగు దాంట్లోంచి దూరి రావాలి. అంత డబ్బు లేనివాళ్లు తెల్లటి ఎల్‌ఈడీ పలక మీద నెగటివు పరిచి సెల్‌ఫోన్‌తో తీసినా చాలా వరకు వస్తది. చేతులకి నూలు గ్లవుసులు వేసుకోవాలి. దుమ్ము గాలి కొట్టి వూదాలి గానీ తడిగుడ్డ పెట్టకూడదు. ఫిల్ముకి రెండు వైపులుంటాయి, మెరిసేదొకటి, మొద్దుబారినట్టుండేదొకటి. ఆ మొద్దు వైపే బొమ్మ వుంటుంది. తిరగేసి పెడితే మనిషి ఎడమ కుడి అవుతాడు, గోడ మీద అక్షరాలు తలకిందులు కాకపోయినా అద్దంలోలా తిరగబడతాయి. స్టూడియోలో ఎక్కువగా వాడింది 120 ఫిల్ము, వొక్కో బొమ్మ ఆరు సెంటీమీటర్ల చదరం. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అని ప్రభుత్వ కంపెనీ వుండేది, ‘ఇందు’ అని ఫిల్ము చేసేది. 2400 డీపీఐ దగ్గర పెడితే వొక్కో పక్క అయిదు వేల చిల్లర చుక్కలొస్తాయి. కుదించకుండా టిఫ్ ఫైలుగా దాస్తే వొక్క బొమ్మే యాభై మెగాబైట్లు దాటుద్ది. జేపెగ్‌లో దాస్తే చిన్నదవుద్ది గానీ దిద్ది దాచిన ప్రతిసారీ కొంత రాలిపోద్ది.

సముద్రపు గాలి తగిలే జిల్లా మాది. సగం నెగటివులకి బూజు పట్టింది. ఆ బూజు తినేది ప్లాస్టిక్కుని కాదు, దాని మీద పూసిన జిలేటిన్‌ని. జిలేటిన్ దేంతో చేస్తారో తెలుసా? పశువుల ఎముకలు, తోళ్లు. వెండి లవణం దాంట్లో కలిపి పూస్తేనే ఫిల్ము. ఏ ఊళ్లో ఏ పెద్దింటి దేవుడి గదిలో వేలాడే తాతగారి బొమ్మైనా అట్లాంటి పూత మీదే నిలబడింది. చచ్చిన గొడ్డుని మోసుకెళ్లి, తోలొలిచి, ఎముకలు కుప్పేసిన మా తాతని ఆ గడప ఎక్కనివ్వలేదు. ఆయన మోసిన సరుకు మాత్రం దర్జాగా లోపలికెళ్లి గోడెక్కింది. పెట్టెలు తెరిచిన మొదటిరోజు యిది తట్టి వొక్కణ్ణే నవ్వుకున్నాను.

నెగటివులో నలుపు తెలుపవుద్ది, తెలుపు నలుపవుద్ది. మా పల్లె ఆడోళ్లు వెలిగిపోతుంటారు. ఆసామి మల్లెపువ్వు పంచె మసిబొగ్గు. దీనికి కారణముంది. వెలుగు ఎక్కువ తగిలినచోట ఫిల్ము మీద వెండి చిక్కగా పేరుకుంటుంది, తక్కువ తగిలినచోట పల్చన. మా ఒంటి మీద పడిన వెలుగు కెమెరాలోకి తక్కువే తిరిగొస్తుంది గనక ఫిల్ము మీద మా మొఖాలు పల్చన. ఫోటోగ్రాఫరు తెల్లపంచెకి వెలుగు లెక్కేసి మీట నొక్కితే, పక్కన చెట్టు నీడలో నిలబడ్డ పాలేరు మొఖానికి దాదాపు వెండే అంటదు. అక్కడ పడని వెలుగుని యివాళ ఎంత గొప్ప స్కానరూ పుట్టించలేదు. గమనించండి, యిది ఫిల్ము చేసిన కులవివక్ష అని నేను అనడంలేదు. వెలుగు ఎవరికి లెక్కెయ్యాలి అన్నది మాత్రం మనిషి నిర్ణయమే.

ఆ నిర్ణయం కంపెనీల్లో కూడా జరిగింది. కొడాక్ కంపెనీ రంగుల ప్రింట్లు సరిచూసుకోడానికి ల్యాబులకి కొలత కార్డులు పంపేది. కార్డు మీద తెల్ల అమ్మాయి బొమ్మ. ఆ కార్డులకి షర్లీ అని పేరు. ఆ అమ్మాయి చర్మం బాగొస్తే రంగు సరిగా వున్నట్టు. నల్లవాళ్ల పిల్లలు తెల్లపిల్లల పక్కన క్లాసు ఫోటోలో కూర్చుంటే కళ్లూ పళ్లూ తప్ప కనపడేవి కావు. నల్ల తల్లులు మొత్తుకుంటే కంపెనీ మారలేదు. చాక్లెట్లు అమ్మేవాళ్లు, చెక్క సామాన్లు అమ్మేవాళ్లు మా సరుకులో గోధుమరంగు తేడాలు కనపడటంలేదని అడిగాక ఫిల్ము మారడం మొదలైంది.

యిప్పుడు యింట్లో స్కానరు ముందు కూర్చుంటే ఆ కార్డు కనపడదు, దాని బదులు ‘ఆటో’ అని వొక బొత్తాం కనపడుద్ది. నొక్కితే కంప్యూటరు బొమ్మలో బాగా చీకటైన చోటుని నలుపని, బాగా వెలుగున్న చోటుని తెలుపని తీర్పిచ్చి మిగతాదంతా మధ్యకి సర్దుద్ది. ఆ తీర్పులో మా మొఖాల్లో అరకొరగా మిగిలిన చిన్న చిన్న తేడాలు, చెంప మడత, కంటి కింద గుంట, అన్నీ వొకే నలుపులో కలిసిపోతాయి. సెల్‌ఫోన్‌లో ‘అందంగా చెయ్యి’ అనే బొత్తాం దీనికి ఎదురు. అది మా అమ్మమ్మని పెళ్లికూతుర్ని చేసింది. చామనఛాయ కూడా కాదు, పసుపు కలిపిన పాలరంగు. ముక్కు సన్నబడింది. థర్‌స్టన్ కొలిచిన ముక్కుని యిది సరిచేసింది! వొకటి చీకట్లో పూడ్చుద్ది, వొకటి తెల్లసున్నం కొట్టుద్ది. రెండింటికీ మనిషితో పనిలేదు. చేత్తో చెయ్యాలి. ఆటో తీసేసి, నీడల దగ్గర వంపుని కొంచెం కొంచెం పైకి లేపుతూ పోతే, ఎక్కడో వొకచోట చెంపెముక తేలుద్ది. వొక్కో బొమ్మకి అరగంట పడుద్ది. పట్టనీ.

యింకో బొత్తాముంది. కంటికి కనపడని వెలుగొకటి ఫిల్ములోంచి పంపి దుమ్ము, గీతలు ఎక్కడున్నాయో పసిగట్టి తుడిచేస్తుంది. రంగుల ఫిల్ముకి బాగా పనిచేస్తది. నలుపుతెలుపు ఫిల్ముకి పనిచెయ్యదు, ఎందుకంటే ఆ వెలుగుని వెండి కూడా అడ్డుకుంటుంది. బొమ్మే వెండి గదా! యంత్రం బొమ్మనే దుమ్మనుకుంటది. నేను వొకసారి వూరికే పెట్టి చూశాను. వెండి చిక్కగా వున్న ఆసామి తెల్లపంచెని మురికని తుడిచి అలికేసింది. ఆ వొక్కసారికి యంత్రం మా వైపు మాట్లాడిందనిపించింది.

నవ్వులాటకేం గానీ, ఏది దుమ్ము ఏది మొఖం అన్నదే ఈ పని మొత్తానికీ అసలు ప్రశ్న. ఏది చెరపాలి, ఏది వుంచాలి, చెప్పే హక్కు ఎవరిది? నాకు యిది పుస్తకంలో ఎదురుకాలేదు. వొక కవరులో ఎదురైంది.

ఆ కవరు మీద 1969 మే నెల తారీఖు, ఊళ్లో వొక ఆసామి పేరు, పక్కన ‘గారు’, పెళ్లి అని వుంది. కవరులో నెగటివూ వుంది, దాంతో తీసిన ప్రింటూ వుంది. ప్రింటులో పెళ్లివాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు, పిల్లలు జంపఖానా మీద. అంతే. నెగటివు స్కాన్ చేస్తే ప్రింటులో లేనిది వచ్చింది. ఎడమ అంచున పందిరి గుంజ పక్కన పద్నాలుగు పదిహేనేళ్ల పిల్ల, చంకన గంప, గంపనిండా ఎంగిలాకులు. తల యిటు తిప్పి కెమెరాకేసి చూస్తోంది. ప్రింటు వేసేటప్పుడు ఫోటోగ్రాఫరు ఆ ముక్క కోసేశాడు. స్టూడియోల్లో అది మామూలే. వాళ్ల గోడ మీద ఆ పిల్ల ఏనాడూ లేదు. నెగటివులో మాత్రం అర్ధ శతాబ్దం పైగా అట్లాగే నిలబడి చూస్తోంది.

ఆ పిల్ల మా పెద్దమ్మ.

చట్టం సంగతి చూశాను. 1957 కాపీరైటు చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి ఫోటో తీయించుకున్నవాడే దానికి మొదటి హక్కుదారు. ఆ బొమ్మ ఆసామిది. గంప మోసినామెకి అందులో యిసుమంత వాటా లేదు. ఎంగిలాకు ఎత్తినందుకు అడుగూబొడుగూ కూర దొరికింది, బొమ్మలో నిలబడినందుకు అదీ లేదు.

బొమ్మ తెర మీద పెద్దది చేసి పెద్దమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది. “యిది నేనేరా అబ్బయా” అంది. కాసేపాగి, “యిందులోంచి నన్నొక్కదాన్నే తియ్యి. ఆ గంప తీసెయ్యి” అంది.

“గంప ఎందుకు తియ్యటం పెద్దమ్మా? అదే గదా జరిగింది?”

“ఆ రోజు నేను పచ్చ వోణీ ఏసుకున్నా. కలుపుకూలి డబ్బులు దాచి తెనాల్లో కొనుక్కున్నా. పెళ్లి గదా అని ఏసుకున్నా. అది మన పెళ్లి కాదని అక్కడికి పోయినాక తెలిసింది. జరిగింది జరిగింది అంటన్నావే, వోణీ జరగలా? అదేదీ నీ మిషన్లో? గంప మటుకు కనపడుద్ది.”

మా పల్లె యువజన సంఘం కుర్రాళ్లకి అప్పటికే ఈ బొమ్మ సంగతి తెలిసింది. ఏప్రిల్ 14కి పెద్ద ఫ్లెక్సీ వేద్దాం అన్నారు. కోసేసిన ప్రింటు వొకపక్క, మొత్తం నెగటివు వొకపక్క. కింద మాట కూడా రాయక్కర్లేదు, చూసినవాడికి గుండె ఆగుద్ది అన్నారు. నిజమే. నేను వాళ్లని తప్పుపట్టలేను. చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్లని నరికితే 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. రుజువు కాలేదు, సాక్ష్యం నిలబడలేదు అనే మాట చెవుల్లో పోయించుకుని పెరిగిన పిల్లలు వాళ్లు. సాక్ష్యం కంటపడితే వదలమంటే ఎట్లా వదులుతారు? వాళ్లలో డిగ్రీ చదివే అబ్బాయి నన్ను గట్టిగా అడిగాడు. “అన్నా, ఆసామోళ్లు ఆమెని కోసేశారు. నువ్వు గంపని కోసేస్తావా? రెండిటికీ తేడా ఏంది?”

ఈ ప్రశ్న నన్ను నెలరోజులు తిన్నది.

పైకి చూస్తే తేడా లేదు. రెండూ కోతలే. రెండింటి తర్వాతా ఎంగిలాకులు మాయమవుతాయి, పెళ్లి శుభ్రంగా వుంటది. గంప తీసేస్తే ఆసామికే మేలు చేసినట్టు. యింత చెయ్యనక్కర్లేకుండానే మన బతుకులు దిద్ది చూపించేవాళ్లు చాలామందే వున్నారు. ఊళ్లో అంతా కలిసిమెలిసి వుండేవాళ్లం, వరసలు పెట్టి పిలుచుకునేవాళ్లం అని రాసుకుంటున్నారు. వాళ్ల చేతికి గంపలేని బొమ్మ యివ్వడమంటే అబద్ధానికి దస్తూరీ చేసిపెట్టడమే.

అయితే ఆ అబ్బాయి వాదంలో వొక మాట నాకు మింగుడుపడలా. ‘అసలు బొమ్మ’ అంటాడు, దాన్ని ముట్టకూడదంటాడు. ఆ అసలు బొమ్మ ఎవరు తీశారు? తెల్లపంచెకి వెలుగు లెక్కేసి తీసింది. మా పెద్దమ్మ మొఖానికి చాలని వెలుగుతో తీసింది. నేను నీడలు లేపి అరగంట కూచోకపోతే ఆమె కళ్లే కనపడవు, గంపమటుకు ఆకుల మెరుపుకి తేటగా కనపడుద్ది. పసుపు పచ్చని బూడిదరంగు చేసింది ఆ ఫిల్మే. అట్లాంటిదాన్ని ముట్టకూడని సత్యం అని నెత్తిన పెట్టుకోమంటే నేను పెట్టుకోను. నెగటివు సాక్ష్యమే, వొప్పుకుంటా. మా పెద్దమ్మ కూడా సాక్షే. వొక సాక్షి చెప్పిందే రాసుకుని రెండో సాక్షిని నోర్మూసుకో అనే పద్ధతి మనకి కొత్తది కాదు, కోర్టుల్లో మనమీద నడిచిన పద్ధతే.

యింకో సంగతి. కోసింది ఎవరు అని ఎట్లా అడుగుతామో, కోతకి ముందు ఎవర్ని అడిగారు అని కూడా అడగాలి. ఫోటోగ్రాఫరు ఆమెని అడగలా. ఫ్లెక్సీ వేద్దామన్న పిల్లలూ అడగలా. “ఆమె చదువుకోలేదు, ఆమెకి రాజకీయం తెలవదు” అన్నాడు వాళ్లలో వొకడు. ఏడో తరగతిలో నా ఎదురుగా మా అమ్మ గురించి వొక అయ్యవారన్న మాట యిదే. మన నోట్లోంచి అదే వినపడితే వొళ్లు జలదరించింది. పెద్దమ్మకి రాజకీయం తెలుసు. గంపతో గోడెక్కిస్తే జనం గంపనే చూస్తారు, జాలిపడతారు, టీ తాగి పోతారు. ఆమెకి ఆ జాలి వద్దు. కూలి దాచి వోణీ కొనుక్కున్న పిల్ల కావాలి.

అట్లాగని ఆమె మాటే ఆఖరి మాట అనడానికీ నాకు ధైర్యం చాలలా. గంప ఆమెది వొక్కదానిదే కాదు. ఆమె తల్లి ఎత్తింది, మా అమ్మ ఎత్తింది, వాడలో ప్రతి ఆడమనిషీ ఎత్తింది. తన బొమ్మ తీసేసుకునే హక్కు ఆమెకుంది, నిజం. గంపని లోకంలో లేకుండా చేసే హక్కు మాత్రం ఆమెకైనా వుందా అంటే లేదనే నేననుకుంటున్నాను. ఈ రెండూ వొక్కటి కాదు. ఈ తేడా దొరకడానికే నాకు నెల పట్టింది.

కాబట్టి యిట్లా చేశాను. నెగటివు ఎట్లా వస్తే అట్లా, గీతలతో బూజుతో సహా, అంచులు కూడా కొయ్యకుండా స్కాన్ చేసి రెండుచోట్ల దాచాను. దాన్ని దిద్దను, దిద్దనివ్వను. పెద్దమ్మ బతికుండగా ఆమె వొప్పుకోకుండా ఎవరికీ చూపించను. నేను యిక్కడ రాయడానికి మాత్రం వొప్పుకుంది, “పేరు రాయమాక” అంది. దాని నకలు వొకటి తీసి ఆమెకి కావాల్సిన బొమ్మ చేశాం. గంప తీసేసిన చోట నడుమూ చెయ్యీ ఏవీ లేవు గదా, అక్కడ యంత్రంతో కొత్త చెయ్యి పుట్టించడం నాకిష్టం లేకపోయింది. ఆమెకీ యిష్టం లేదు. “నాది కాని చెయ్యి నాకెందుకు” అంది. ఛాతీ దాకా కోశాం. రంగు వేసే ప్రోగ్రాముకిస్తే వోణీకి నీలం కలిసిన బూడిదరంగు వేసింది. “యిదెవరి వోణీ?” అంది పెద్దమ్మ. దాని పాటికి అది నల్లపిల్లకి యిది చాల్లే అనుకుందేమో! ఆ రంగు తీసేసి, పక్కన ఆమెని కూర్చోబెట్టుకుని చేత్తో వేశాను. మామిడిపండు పచ్చ కాదంది, చామంతి పచ్చ కాదంది, చివరికి తంగేడు పువ్వు తెమ్మంటే మా అబ్బాయి గట్టు మీదికెళ్లి తెచ్చాడు. అదీ రంగు. ఫైలు పేరులోనే ‘పెద్దమ్మ చెప్పిన రంగు’ అని రాశాను, రేపెవరైనా అది ఫిల్ములో వున్నదే అనుకోకుండా.

సంఘం పిల్లలు పూర్తిగా వొప్పుకోలేదు. ఆ డిగ్రీ అబ్బాయి యిప్పటికీ అడుగుతాడు, ఆమె తర్వాత ఎవర్నడుగుతావన్నా అని. ఆమె పిల్లల్ని అంటాను. వాళ్లు హైదరాబాదులో వుద్యోగాలు చేసుకుంటూ కులం చెప్పుకోకుండా వుంటే, వాళ్లు వద్దంటే? దానికి నా దగ్గర జవాబు లేదు.

పెట్టెల్లో మిగతా కవర్ల సంగతి వేరే. ఊరివాళ్ల కవర్ల మీద యింటిపేరు, పేరు, గారు. మా వాళ్ల కవర్ల మీద ‘మా.ప., 2 కాపీలు’. మాదిగపల్లె అన్నమాట. అంతే. థర్‌స్టన్ కాలం నుంచి యింతే. స్కానరేమో తన లెక్క ప్రకారం వొకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టుద్ది. అందుకని ఆదివారాలు టీవీకి తీగ తగిలించి, వొక్కో బొమ్మా వేసి, పల్లెలో పెద్దోళ్లని కూర్చోబెట్టి పేర్లడుగుతున్నాను. తొందరపడాలి. నేను పెట్టెలు తెచ్చిన తర్వాతే వాళ్లలో యిద్దరు పోయారు. మొన్నటి ఆదివారం వొక చావు ఫోటో వేశాను. కుర్చీలో ముసలాయన, మెళ్లో బంతిపూల దండ, వెనక తాటాకు చూరు. బూజు సగం మొఖం తినేసింది. వొకామె మా మావ అంది. యింకొకాయన కాదు, మా పెదనాయన అన్నాడు. డప్పు బాగా కొట్టేవాడు, ఫలానా ఆయన అని మూడో ఆయన. మాటా మాటా పెరిగింది. నాలుగో ఆమె లేచొచ్చి టీవీ మీద చెయ్యి పెట్టి ఆ చెవి చూడండ్రా అని యింకో పేరు చెప్పింది. నాలుగు పేర్లూ రాసిపెట్టాను, ఎవరు చెప్పారో కూడా రాశాను. కవరు నెంబరు 112. రెండో పెట్టె యింకా తెరవలేదు.